అమ్మేవారు కదలరు, కొనేవారు ఆగలేరు



ధర కుదిరింది. ఒప్పందం మీద ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాయి. అడ్వాన్సు కట్టేశారు. వేసవి సెలవులకు పిల్లల్ని ఓర్లాండో తీసుకెళ్దామని ఇంట్లో అనుకోవడం కూడా అయిపోయింది. ఆ తర్వాత ఏమీ జరగదు. వారం గడుస్తుంది, రెండో వారం గడుస్తుంది. బ్రోకరుకు ఫోన్ చేస్తే "అమ్మేవాళ్ళ దగ్గర నుంచి కాగితాలు రావాలండీ" అంటాడు. మళ్ళీ వారం ఆగి చేసినా అదే మాట. అమెరికాలో టైమ్‌షేర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెలుగువాళ్ళకు ఈ మాట కొత్త కాదు. ఆ ఆలస్యం ఎందుకు వస్తుంది, అందులో మనకు నిజంగా నష్టం ఎక్కడుంది, మన చేతిలో ఉన్నదేమిటి అన్నదే ఈ రోజు ప్రసంగం.

ముందుగా, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో "టైమ్‌షేర్ కొన్నాం" అంటే అర్థంకాక ఊరుకున్న పెద్దవాళ్ళ కోసం రెండు మాటలు. విహారస్థలంలో ఒక ఇల్లు ఏడాదంతా మనకు అక్కర్లేదు. ఏటా ఒక వారం ఉండే హక్కు చాలు. ఆ వారానికి సరిపడా వాటా కొనుక్కుని, ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టుకుంటూ ఉండటమే టైమ్‌షేర్. 1960లలో యూరప్‌లో మొదలైన ఈ పద్ధతి అమెరికాకు వచ్చి పెద్ద వ్యాపారమైంది. మొదట్లో ఫలానా గది, ఫలానా వారం అని అమ్మేవారు. ఇప్పుడు ఎక్కువగా పాయింట్ల లెక్క. ఏడాదికి ఇన్ని పాయింట్లు మన ఖాతాలో పడతాయి, వాటితో గది బుక్ చేసుకుంటాం.

ఇవాళ్టి ఉదాహరణకు డిస్నీ వెకేషన్ క్లబ్‌ని తీసుకుంటాను. 1991లో ఫ్లోరిడాలో మొదలైంది. మిగతా చాలా టైమ్‌షేర్లు కొన్న మర్నాటికే విలువ పోగొట్టుకుంటే, దీనికి మాత్రం సెకండ్ హ్యాండ్‌లోనూ మంచి గిరాకీ ఉంది. అందుకే ఇక్కడ కొనేవాళ్ళు ఎక్కువ, ఎదురుచూపులూ ఎక్కువే. ఇది శాశ్వతమైన ఆస్తి కాదు. మొదట కట్టిన రిసార్టుల్లో చాలావాటి గడువు 2042 జనవరి 31తో ముగుస్తుంది. కంపెనీ దగ్గర కొత్తగా కొనేదానికంటే పాత యజమాని దగ్గర చవక. చవకకు తగ్గ షరతులూ ఉన్నాయి. 2019 జనవరి 19 తర్వాత రిసేల్‌లో, అంటే ఇలా పాత యజమాని దగ్గర, కొన్నవాళ్ళు ఆ పాయింట్లను రివియేరా లాంటి కొత్త రిసార్టుల్లో వాడలేరు. అది తెలిసి, సరేననుకునే చాలామంది రిసేల్‌కి వెళతారు. ధరలో తగ్గింపు కళ్ళకు కనిపిస్తుంది. దానికి బదులుగా పెట్టాల్సిన కాలం మాత్రం సంతకం చేసేదాకా కనిపించదు.

ఈ కొనుగోలు ఎలా నడుస్తుందో చూద్దాం. పేరుకు పాయింట్లే అయినా, చట్టం దృష్టిలో ఇది ఫ్లోరిడాలోని స్థిరాస్తిలో ఒక వాటా. కాబట్టి ఇంటి అమ్మకానికి ఉన్నంత తతంగమూ దీనికి ఉంటుంది. ఒప్పందం కుదరగానే బ్రోకరు దాన్ని డిస్నీకి పంపాలి. అదే ధరకు ఆ వాటాను తానే కొనుక్కునే మొదటి హక్కు డిస్నీకి ఉంది. తేల్చుకోవడానికి 30 రోజుల దాకా గడువు. తానే తీసుకుంటానంటే మన అడ్వాన్సు మనకు వెనక్కి వస్తుంది, కథ మళ్ళీ మొదటికి. వద్దంటే పని, యాజమాన్య హక్కును పరిశీలించి బదిలీ చేయించే టైటిల్ కంపెనీ చేతికి వెళుతుంది. వాళ్ళు ఖాతాలో ఎన్ని పాయింట్లున్నాయో, అప్పు మిగిలిందో లేదో, ఫీజు బాకీ ఉందో లేదో డిస్నీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుంటారు. తర్వాత డీడ్, అంటే అమ్మకపు దస్తావేజు, తయారుచేసి అమ్మేవారికి పంపుతారు. అమ్మేవారు నోటరీ ముందు సంతకం చేసి తిప్పి పంపాలి. మనం డబ్బు వైరు చేయాలి. రెండూ చేరాక డీడ్ కౌంటీ ఆఫీసులో నమోదవుతుంది. ఆ నమోదు చూసుకుని డిస్నీ తన పుస్తకాల్లో పేరు మార్చి, మనకు సభ్యత్వ సంఖ్య ఇచ్చి, పాయింట్లు వేస్తుంది.

ఇన్ని అంచెల్లో డిస్నీ గడువు తెలిసిందే. టైటిల్ కంపెనీకి ఇది రోజువారీ పని. కౌంటీ ఆఫీసు పని కౌంటీ ఆఫీసు చేసుకుంటుంది. గడియారం లేనిది ఒక్క అమ్మేవారికే. ఒప్పందం నాడు చకచకా సంతకం పెట్టిన మనిషే, డీడ్ వచ్చేసరికి కవరు విప్పకుండా బల్ల మీద పెట్టేస్తాడు. ఆయన మనసులో ఆ అమ్మకం ధర కుదిరిన రోజే అయిపోయింది. మనకు అది ఇంకా మొదలే కాలేదు. ఆలస్యానికి సగం కారణం ఇక్కడే ఉంది. ఆయన మోసగాడు కాకపోవచ్చు. తొందర ఆయనది కాదు, అంతే.

మిగతా సగం కారణాలు కాగితాల్లో ఉంటాయి. మన దగ్గర రిజిస్ట్రేషన్ రోజున అన్నదమ్ముల్లో ముగ్గురొచ్చి నాలుగోవాడు రాకపోతే ఏమవుతుందో, అక్కడా అదే అవుతుంది. డీడ్ మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. వాళ్ళు ఈలోగా విడిపోయి, ఒకరు ఒరెగాన్‌లో, మరొకరు ఒహాయోలో ఉండి, మాటలే లేకపోతే ఆ కవరు రెండు ఇళ్ళు తిరగాలి. ఇద్దరిలో ఒకరు పోతే మరణ ధ్రువపత్రం కావాలి. యజమానులు ఇద్దరూ పోయి పిల్లలు అమ్ముతుంటే కోర్టు వారసత్వాన్ని తేల్చాలి. వాళ్ళు ఉన్నది ఏ రాష్ట్రమైనా, ఆస్తి ఫ్లోరిడాది కాబట్టి ఫ్లోరిడాలో విడిగా కోర్టు పని పడవచ్చు. అది నెలల మాట. అప్పు సంగతి మరొకటి. కంపెనీ దగ్గర కొత్తలో వాయిదాల మీద కొన్నవాళ్ళు, మిగిలిన అప్పు అమ్మకం ధర కంటే ఎక్కువుంటే, ఆ తేడా సొంత డబ్బుతో కట్టాకే అమ్మగలరు. ఆ డబ్బు సర్దుబాటయ్యేదాకా "రేపు, ఎల్లుండి" అంటుంటారు. ఇంకొందరు ఆ పాయింట్లతో ముందే గది బుక్ చేసుకుని ఉంటారు. వాళ్ళు వెళ్ళి వచ్చాకే క్లోజింగ్, అంటే అమ్మకం పూర్తవడం. ఇది ప్రకటనలోనే రాసి ఉంటుంది. ధర చూసిన సంతోషంలో మనం చదవం.

సంతకమంటే ఎంతసేపు అనుకుంటాం. ఆ డీడ్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. ఫ్లోరిడా చట్టం ప్రకారం అమ్మేవారి సంతకానికి ఇద్దరు సాక్షులు ఉండాలి. నోటరీ విడిగా ధ్రువీకరించాలి. 2024 జనవరి నుంచి సాక్షుల చిరునామాలు కూడా డీడ్ మీద ఉండాలి. పక్కింటాయన సాక్షి సంతకం చేసి చిరునామా రాయడం మరిచిపోతే ఆ కాగితం నమోదుకు పనికిరాకుండా పోవచ్చు. మళ్ళీ కవరు, మళ్ళీ నోటరీ, మళ్ళీ వారం. పేరు తేడా సరేసరి. కొన్ననాడు డీడ్ మీద ఒక పేరు, ఇవాళ గుర్తింపు కార్డులో మరో పేరు. పెళ్ళయి ఇంటిపేరు మారినవాళ్ళూ, ఒక చోట ఇంటిపేరు పూర్తిగా, మరో చోట ఒక్క అక్షరంగా రాసుకున్న మనవాళ్ళూ ఈ తేడా దగ్గర ఆగిపోతారు.

మనవాళ్ళంటే గుర్తొచ్చింది. ఆలస్యం చేసేది ఎప్పుడూ ఎదుటివాళ్ళే అనుకోకండి. అమెరికాలో కొన్నాళ్ళుండి, పిల్లల చదువుల కోసమో అమ్మానాన్నల కోసమో హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చేసిన కుటుంబాలున్నాయి. ఇక ఏటా ఓర్లాండో వెళ్ళలేరు, మెయింటెనెన్స్ ఫీజు మాత్రం ఏటా పడుతుంది. అమ్మేద్దామనుకుంటారు. అప్పుడు డీడ్ గచ్చిబౌలిలో వాళ్ళింటికి వస్తుంది. సంతకానికి నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికా కాన్సులేట్‌లో నోటరీ సేవకు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఒక్కో ముద్రకు 50 డాలర్లు. భార్యాభర్తలిద్దరికీ ఒకే రోజు కుదరాలి. అక్కడ కుదరకపోతే మన నోటరీ దగ్గర చేయించి అపోస్టిల్ ముద్ర వేయించుకునే దారి ఉంది. ఆ ముద్రను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం 2005లోనే చేరింది. కాకపోతే ఏ పద్ధతి చెల్లుతుందో టైటిల్ కంపెనీని ముందే అడగాలి. పన్ను లెక్క దీనికి అదనం. అమెరికా స్థిరాస్తిని విదేశీయుడు అమ్మితే, మినహాయింపులు వర్తించకపోతే, ధరలో 15 శాతం కొనేవారే ఆపి అక్కడి పన్ను శాఖకు కట్టాలి. అమ్మేవారికి అక్కడి పన్ను గుర్తింపు సంఖ్య లేకపోతే ముందు అది తెచ్చుకోవాలి. అవతల అమెరికాలో కొనే కుటుంబం "ఈ ఇండియా వాళ్ళు ఎన్నాళ్ళు చేస్తారో" అని మన గురించే విసుక్కుంటూ ఉంటుంది. కెనడా, బ్రిటన్ యజమానుల దగ్గర కొనేవాళ్ళకూ ఇదే అనుభవం. అందుకే అమ్మేవారు ఏ దేశంలో ఉన్నారన్నది ధర అడిగినప్పుడే అడగాల్సిన ప్రశ్న.

ఇంతకీ ఈ ఎదురుచూపులో మనకు పోయేదేమిటి? చాలాసార్లు ఏమీ పోదు. మనశ్శాంతి తప్ప. డబ్బు అమ్మేవారి జేబులోకి వెళ్ళలేదు, మధ్యవర్తి చేతిలో ఉండే ఎస్క్రో ఖాతాలో ఉంది. వాటా ఎక్కడికీ పారిపోదు. అయితే రెండు చోట్ల మాత్రం ఆలస్యం నిజంగా కొరుకుతుంది.

మొదటిది పాయింట్ల గడువు. ప్రతి వాటాకూ ఒక వాడకపు సంవత్సరం ఉంటుంది. అది జూన్‌లో మొదలవుతుందనుకోండి. జూన్ 1న పాయింట్లు పడతాయి, వచ్చే మే 31తో వాటికి కాలం చెల్లుతుంది. వాడుకోలేకపోతే వచ్చే ఏడాదికి జమ చేసుకోవచ్చు. కాని అది మొదటి ఎనిమిది నెలల్లోనే చేయాలి. అంటే జనవరి 31 లోపు. మనం నవంబరులో ఒప్పందం రాసుకున్నాం. అమ్మేవారు సంతకానికి ఫిబ్రవరి దాకా తాత్సారం చేశారు. ఆ పాయింట్లను జమ చేసే అధికారం అప్పటిదాకా వాళ్ళదే, మనది కాదు. వాళ్ళు చేయలేదు. ఖాతా మన చేతికి వచ్చేసరికి 150 పాయింట్లున్నాయి, వాడటానికి రెండు నెలల గడువు ఉంది, కావలసిన తేదీలకు గది లేదు. ధర కట్టినప్పుడు ఆ 150 పాయింట్లకూ కలిపే కట్టాం. మందకొడి అమ్మకందారు వల్ల జరిగే అసలు నష్టం ఇదీ.

రెండోది బుకింగ్ తెరుచుకునే సమయం. మన వాటా ఉన్న రిసార్టులో గదికి 11 నెలల ముందు, మిగతా రిసార్టుల్లో 7 నెలల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. క్రిస్మస్ వారం లాంటి రోజులకు తెరిచిన ఉదయమే గదులు పోతాయి. క్లోజింగ్ ఒక నెల జరిగితే ఒక పండగ పోయినట్టే. అందుకే సభ్యత్వ సంఖ్య చేతికి రాకముందే విమానం టికెట్లు కొనడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతే. పిల్లలకు ముందే చెప్పేసి, తర్వాత ఆ కోపాన్ని బ్రోకరు మీద చూపిస్తే ఏం లాభం?

సరే, మన చేతిలో ఏముంది? కోపానికి ఇక్కడ పని లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, ఒప్పందం మీద సంతకం పడేదాకానే మన మాటకు బలం. కాబట్టి అడగాల్సినవన్నీ అప్పుడే అడిగి రాయించుకోవాలి. క్లోజింగ్ తేదీ అంకెల్లో ఉండాలి, "వీలైనంత త్వరగా" అని కాదు. ఆ తేదీ దాటితే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి తీసుకుని తప్పుకునే హక్కు మనకు ఉందని ఒక వాక్యం ఉండాలి. ఫలానా తేదీలోగా ఈ ఏడాది పాయింట్లను వచ్చే ఏడాదికి జమ చేయాల్సిన బాధ్యత అమ్మేవారిదని మరో వాక్యం. ఏ ఏడాది ఫీజు ఎవరు కట్టాలో ఇంకో వాక్యం. జనవరిలో కొత్త ఏడాది బిల్లు వస్తుంది. డిసెంబరులో ముగియాల్సిన క్లోజింగ్ జనవరిలోకి జారిందంటే, ఆ బిల్లు నీదా నాదా అని కొత్త పేచీ, దానితో కొత్త ఆలస్యం.

సంతకానికి ముందే బ్రోకరును నాలుగు ప్రశ్నలు అడగండి. డీడ్ మీద ఎన్ని పేర్లున్నాయి? అందరూ బతికి ఉన్నారా, కలిసి ఉన్నారా? ఏ దేశంలో ఉన్నారు? అప్పు ఎంత మిగిలింది? ఇవి అడగడానికి మొహమాటపడే వాళ్ళున్నారు. మొహమాటంతో మిగిలేది ఎదురుచూపే. జవాబులు నచ్చకపోతే మరో వాటా చూసుకోవచ్చు, లేదా ఆ ఆలస్యానికి సరిపడా ధర తగ్గించమనవచ్చు. నెమ్మదిగా నడిచే అమ్మకం తక్కువ ధరకు రావడం న్యాయమే.

పని నడుస్తుండగా వారానికి ఒక్కసారి, ఒక్క ప్రశ్నతో, ఒక్క ఈమెయిల్ చాలు. "ఏమైంది?" అని అడిగితే "చూస్తున్నాం" అనే జవాబే వస్తుంది. "డీడ్ అమ్మేవారికి ఏ రోజు పంపారు, అందినట్టు రసీదు ఉందా?" అని అడిగితే ఎవరైనా కాగితం తీసి చూడక తప్పదు. బ్రోకరుకు కమీషన్ వచ్చేది క్లోజింగ్ అయ్యాకే. కాబట్టి తొందర విషయంలో ఆయన మన పక్షమే. ఆయన్ని తిట్టి దూరం చేసుకోకండి, ఆయనతోనే చెప్పించండి. అమ్మేవారు పెద్దవయసు వాళ్ళయితే ఇంటికొచ్చే నోటరీ ఉంటారు. 2020 జనవరి నుంచి ఫ్లోరిడాలో వీడియో ద్వారా నోటరీ చేయించే వీలు చట్టబద్ధంగా ఉంది. టైటిల్ కంపెనీ ఒప్పుకుంటే ఆ ఖర్చు మనమే పెట్టుకుంటామని చెప్పడం తెలివైన పని. కొద్ది డాలర్లతో నెల కలిసొస్తుంది.

కొందరు అడుగుతారు, ఇంత ఆలస్యం చేసినవాళ్ళ మీద కోర్టుకు వెళ్ళలేమా అని. వెళ్ళవచ్చు. పాయింటు 100 డాలర్ల చొప్పున 150 పాయింట్లంటే 15,000 డాలర్ల బేరం. దాని కోసం వేరే రాష్ట్రంలో వకీలును పెట్టుకుంటే ఆ ఖర్చు మిగిలిన ఆదాను తినేస్తుంది. గడువు దాటాక ఒప్పందంలోని వాక్యం చూపించి, అడ్వాన్సు తీసుకుని, మరో వాటా కొనుక్కోవడమే లాభం. ఇలాంటి వాటాలు ఎప్పుడూ అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

మన దేశంలో కొనేవాళ్ళకు కూడా ఒక మాట. 1996లో మొదలైన క్లబ్ మహీంద్రా లాంటివి ఇక్కడ ప్రధానంగా 25 ఏళ్ళ సభ్యత్వం అమ్మాయి. ఇక్కడ చేతులు మారేది డీడ్ కాదు, సభ్యత్వం. దానికి కంపెనీ అనుమతి కావాలి. పాత సభ్యుడు బాకీలు తీర్చి కాగితాలు ఇచ్చేదాకా ఇక్కడా ఎదురుచూపే. ఎన్నేళ్ళు మిగిలాయో, బాకీ ఎంతో కంపెనీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకున్నాక డబ్బు ఇవ్వండి.

ఇక చివరగా అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఈ వ్యాపారంలో నెమ్మదిగా ఉండేవాళ్ళు మనల్ని విసిగిస్తారు. ముంచేది మాత్రం తొందరపెట్టేవాళ్ళు. ఒక్క డాలరుకే వారం ఇస్తాం, ఈ రోజే తీసుకోండి అనేవాళ్ళు వదిలించుకుంటున్నది ఏటా పడే ఫీజుని. ఆ ఫీజు రేపటి నుంచి మీది. "మీ టైమ్‌షేర్‌కి కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, ముందు మా ఫీజు పంపండి" అని ఫోన్ చేసేవాళ్ళ గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరిస్తూనే ఉంది. మెక్సికో నుంచి నేరస్థుల ముఠాలే ఈ మోసం నడుపుతున్నాయని అమెరికా ఆర్థిక శాఖ 2023లో ఆంక్షలు కూడా విధించింది. ఎదురుచూపుతో విసిగి ఉన్న రోజునే "క్లోజింగ్ సిద్ధం, బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు వెంటనే వైరు చేయండి" అని ఒక ఈమెయిల్ వస్తుంది. హమ్మయ్య అనుకుని పంపేస్తే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. టైటిల్ కంపెనీకి, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఖాతా సంఖ్య నోటితో చెప్పించుకుని, అప్పుడు పంపండి.

ఆలస్యం అమృతం విషం అన్నదీ మనవాళ్ళే, నిదానమే ప్రధానం అన్నదీ మనవాళ్ళే. టైమ్‌షేర్ కొనుగోలులో రెంటికీ చోటుంది. పాయింట్ల గడువు దగ్గర మొదటిది పాటించండి, డబ్బు పంపే దగ్గర రెండోది పాటించండి. ఈ వేసవికే ఓర్లాండో వెళ్ళి తీరాలంటే, ఈ ఏడాదికి ఎవరి పాయింట్లనైనా అద్దెకు తీసుకుని వెళ్ళి రండి. కొనుగోలు మాత్రం వచ్చే ఏడాది కోసం మొదలుపెట్టండి. తేదీ, పాయింట్ల జమ షరతు కాగితం మీద, డబ్బు ఎస్క్రోలో ఉన్నంతకాలం అమ్మేవారి ఆలస్యం మీకు విసుగే గాని నష్టం కాదు.